గది దాటకూడని మాట

జర్మనీలో నేను లాటిన్ టీచర్‌ని. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు ఒక క్షణం ఆగి, సరిగ్గా విన్నామా అన్నట్టు మళ్ళీ అడుగుతారు. వాల్డార్ఫ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటారు. మా ఆయనా అంతే. నేను హైదరాబాద్‌లో సంస్కృతం ఎం.ఏ. చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. సంస్కృతం చదివిన మనిషికి ఇక్కడ ఏం పని దొరుకుతుందని తిరుగుతుంటే, యూనివర్సిటీలో సలహాలిచ్చే ఒకావిడ లాటిన్ చదవమంది. విభక్తులూ ధాతువులూ నాకు కొత్త కాదు. జర్మన్, లాటిన్ రెండూ పక్కపక్కనే నేర్చుకుంటూ మళ్ళీ డిగ్రీ చదివి, టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, చివరికి ఒక చిన్న ఊరి హైస్కూల్లో చేరాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడింది.

లాటిన్ టీచర్ల బతుకు కొంచెం ఒంటరిది. ఒక్కో బడిలో ఒకరో ఇద్దరో ఉంటాం. లెక్కల వాళ్ళకు స్టాఫ్ రూంలో ఒక బల్ల నిండా మనుషులుంటారు. మేము ఎవరి బల్ల చివరో కూర్చుంటాం. పైగా ప్రతి ఏడాదీ పిల్లలు ఫ్రెంచ్ వైపు పోకుండా, లాటిన్ ఎందుకు చదవాలో తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పుకోవాలి. అందుకే చుట్టుపక్కల ఊళ్ళ లాటిన్, గ్రీకు టీచర్లమంతా ఒక బృందంగా ఉండేవాళ్ళం. ఆరు వారాలకోసారి, గురువారం మధ్యాహ్నం, ఎవరో ఒకరి బడిలో కలిసేవాళ్ళం. ఫ్లాస్కులో కాఫీ, ఇంట్లో చేసిన ప్లమ్ పళ్ళ కేకో, ఆపిల్ కేకో ఉండేది. ఆ ఏడాది ప్రశ్నపత్రాల గురించి, కొత్త పాఠ్యపుస్తకం గురించి మాట్లాడుకుని, చివర్లో ఒక పేజీ లాటిన్ అందరం కలిసి చదివేవాళ్ళం. ఆ చివరి అరగంట కోసమే వచ్చేవాళ్ళు సగం మంది.

ఆ చదివించే పని ఒక పెద్దాయనది. పక్క ఊరి బడిలో ముప్పై ఏళ్ళకు పైగా లాటిన్, గ్రీకు చెబుతున్నారు. జర్మన్‌లో మేమందరం ఒకరినొకరం ‘నువ్వు’ అనే పిలుచుకునేవాళ్ళం, ఆయన్ని కూడా. కానీ నా మనసులో ఆయన ఎప్పుడూ సారే. అందుకే ఇక్కడ ఆయన మాటలు నాకు తెలుగులో వినపడినట్టే రాస్తున్నాను.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాను. అందరి జర్మన్ వేగంగా ఉంది. సారు కాఫీ కప్పుతో వచ్చి నా పక్కన కూర్చుని, “మీ దేశంలో పిల్లలకు సంస్కృత విభక్తులు ఎలా నేర్పుతారు?” అని అడిగారు. బట్టీ పట్టిస్తారని చెప్పాను. “ఒకటి చెప్పు” అన్నారు. రామః రామౌ రామాః అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. “మధ్యలోది ద్వివచనం కదా? గ్రీకులో కూడా ఉంది. లాటిన్ వాళ్ళే పోగొట్టుకున్నారు.” ఆ తర్వాత గది మొత్తాన్ని పిలిచి, నా చేత మొదటి నుంచి చివరిదాకా చెప్పించి, అందరి చేతా పలికించారు. పెద్ద పెద్ద వాళ్ళు చిన్నపిల్లల్లా రాగం తీస్తుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ రోజు నుంచి తలుపు దగ్గర కూర్చోలేదు.

మూడో ఏడాది మా బృందాన్ని నడిపే టీచరమ్మ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. ఇద్దరిద్దరం జతకట్టి, ఒకరి క్లాసుకు ఇంకొకరం వెళ్ళి వెనక కూర్చుని చూడాలి. బయటి నుంచి ఎవరో వచ్చి ఉపన్యాసం ఇచ్చే ట్రైనింగుల కంటే ఇది మేలు అంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆ గదిలో చూసింది ఆ ఇద్దరి మధ్యే ఉండాలి, గది దాటకూడదు. అందరం తల ఊపాం. నేనూ ఊపాను. నాకు సారు జత అయ్యారు. ఆయనే నన్ను అడిగారు.

మొదట ఆయన నా క్లాసుకు వచ్చారు. ఎనిమిదో తరగతి. ఒక దూత ఊరికి వచ్చే కథ చదువుతున్నాం. లాటిన్‌లో ‘వెనిట్’ అని హ్రస్వంగా పలికితే వస్తున్నాడు అని, ‘వేనిట్’ అని దీర్ఘంగా పలికితే వచ్చాడు అని అర్థం. పుస్తకంలో రెండింటికీ ఒకటే స్పెల్లింగు. ముందు వెనక వాక్యాలను బట్టి పోల్చుకోవాలి. కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి “వచ్చాడు” అంది. నేను “కాదు, వస్తున్నాడు” అన్నాను. ఆ అమ్మాయి పుస్తకం చూపిస్తూ, పైవాక్యాలన్నీ జరిగిపోయిన వాటి గురించే కదా అంది. వెనక సారు కూర్చున్నారన్న కంగారులో నాకు ఆ వాక్యాలు కళ్ళకు ఆనలేదు. ఇంకాస్త గట్టిగా, నేను చెప్పిందే రాసుకోమన్నాను. ఆ అమ్మాయి తను రాసింది కొట్టేసుకుంది. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు, నా తప్పు నాకే తెలిసింది. నోరు తెరవలేదు.

పిల్లలు వెళ్ళాక సారు నా దగ్గరికి వచ్చారు. నేను ముందే, “తెలుసు” అన్నాను.

“తెలుసని తెలుసు” అన్నారు. “రేపటి క్లాసు ఆ అమ్మాయి చెప్పింది సరైనదన్న మాటతో మొదలుపెట్టు. వేరే ఏదీ చెయ్యనక్కర్లేదు.”

మర్నాడు అలాగే చేశాను. ఆ అమ్మాయి చెవుల దాకా ఎర్రబడింది. తర్వాతి గురువారం బృందంలో, క్లాసు ఎలా జరిగిందని టీచరమ్మ సారును అడిగింది. “క్లాసులో జీవముంది. నేనూ నేర్చుకున్నాను” అన్నారు సారు. అంతకు మించి ఆయన నోటి నుంచి ఎప్పుడూ ఏమీ రాలేదు. ఇది చెప్పకుండా నేను చేసింది చెబితే, నేను చేసిన దాని బరువు తెలియదు.

నెల తర్వాత నేను ఆయన క్లాసుకు వెళ్ళాను. పదో తరగతి, పద్నాలుగు మంది పిల్లలు. ఆయన గొంతు, నడక, బోర్డు మీద రాత, అన్నీ నాకు తెలిసినవే. కానీ కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. ఒక పిల్ల, హోంవర్కు మంగళవారానికా అని అడిగితే, “నలభయ్యో పేజీ” అన్నారు. ఇంకొకతను ఒక క్రియ గురించి అడిగితే, దాని పక్కన ఉన్న నామవాచకం గురించి వివరంగా చెప్పారు. ఒక అమ్మాయి చేత ఒకే వాక్యం మూడుసార్లు చదివించారు, మూడుసార్లూ ఆ పిల్ల సరిగ్గానే చదివింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ఇది అలవాటేనని ఆ చూపుల్లోనే తెలిసింది.

మా మేనమామ ఒకాయనకు మతిమరుపు వచ్చినప్పుడు మొదట్లో ఇలాగే ఉండేది. అడిగిన దానికి కాక వేరే దానికి జవాబు చెప్పేవాడు. నా తలలో ఆ బొమ్మ వచ్చి కూర్చుంది, మరి కదల్లేదు.

క్లాసయ్యాక గదిలో ఇద్దరమే మిగిలాం. సారు బోర్డు తుడిచి, నా ఎదురుగా ఒక పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. “చెప్పు, ఏం చూశావు?” అన్నారు.

“చాలా బాగుంది సార్” అన్నాను.

ఆయన కాసేపు నా మొహం చూశారు. “దాచకుండా చెప్పు. నాకు కావాలి.”

రెండోసారి కూడా నేను అదే మాట అన్నాను. బోర్డు మీద రంగు చాక్‌పీసులు వాడే తీరు నచ్చిందని కూడా కలిపాను. ఆయన సరేనని తల ఊపి, బ్యాగు సర్దుకున్నారు. స్టేషన్ దాకా తోడు వచ్చి, నా రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డారు.

ఆ వసంతంలో మా టీచర్లకు రెండు రోజుల ట్రైనింగు జరిగింది. పాత మఠాన్ని శిక్షణా కేంద్రంగా మార్చిన చోటు, ద్రాక్షతోటల మధ్య. సారు ఆ వారం జలుబు చేసిందని రాలేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత నేనూ, బృందాన్ని నడిపే టీచరమ్మా తోటల వెంట నడుస్తున్నాం. వచ్చే ఏడాది ఇదే చోట మూడు రోజుల పఠన శిబిరం పెడదామనుకుంటున్నామని, నడిపించమని సారునే అడుగుతానని ఆవిడ చెప్పింది.

“ఇంకెవరినైనా అడిగితే మంచిదేమో” అన్నాను.

ఆవిడ ఆగింది. “ఎందుకు?”

అప్పుడైనా ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. వయసు అనొచ్చు, ప్రయాణం అనొచ్చు. నేను చెప్పేశాను. హోంవర్కు మాట, మూడుసార్లు చదివించిన వాక్యం, పిల్లల చూపులు, చివరికి మా మేనమామ సంగతి కూడా. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, “అయ్యో, ఎంత బాధగా ఉంది. చెప్పి మంచి పని చేశావు” అంది. తోట చివరిదాకా నడిచాక, “పోనీ శిబిరం నువ్వు నడిపిస్తావా?” అని అడిగింది.

ఆ మాట వినగానే నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళయినా దీన్ని నేను వేరే పేరుతో పిలుచుకోలేకపోతున్నాను. పిల్లల చదువు కోసం చెప్పాననుకున్నాను, సారు ఆరోగ్యం కోసం అనుకున్నాను, రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఆ తోటల మధ్య, ఇక్కడ పుట్టి పెరిగిన ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని గుట్టుగా మాట్లాడుతుంటే, నేను కూడా వీళ్ళలో ఒకదాన్నయ్యానన్న గర్వం కలిగింది. ఆ గర్వం కోసం నేను వాడుకున్నది, నన్ను తలుపు దగ్గరి కుర్చీలోంచి లేపి లోపల కూర్చోబెట్టిన మనిషిని.

టీచరమ్మకు సారు బడి ప్రిన్సిపాల్ తెలుసు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు, ‘కొంచెం కనిపెట్టి ఉండండి’ అని మాత్రమే అందట. ప్రిన్సిపాల్ రెండు క్లాసులు వెళ్ళి చూశాడు. తర్వాత ఒక కాగితం కదిలింది. ఇక్కడ టీచర్లు ప్రభుత్వోద్యోగులు కాబట్టి, పని చెయ్యగలరా లేదా అని అనుమానం వస్తే ప్రభుత్వ డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఆ సంగతి బృందంలో ఒకరి నుంచి ఒకరికి పాకి, జూన్‌లో నా చెవిన పడింది. ఆ నెల గురువారం సారు రాలేదు. చివరి అరగంట చదివించేవాళ్ళు లేక తొందరగా లేచాం.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసి విన్నాడు.

“డాక్టర్ టెర్మిన్ గింత జల్ది ఎట్ల దొరికింది? మనం స్కిన్ డాక్టర్ టెర్మిన్ కోసం మూడు నెలలు ఆగినం” అన్నాడు. అపాయింట్‌మెంట్‌ని ఇక్కడ టెర్మిన్ అంటారు, మా ఇంట్లోనూ అదే మాట.

“అది బడి నుంచి పెట్టిన టెర్మిన్. మనం అడిగితే దొరికేది కాదు.”

“అసలు వాళ్ళకు ఎట్ల తెలిసింది?”

“నేనే చెప్పిన.”

“ఆ సారుకు ముందు చెప్పినవా మరి? ఆయనతోని మాట్లాడినంకనే చెప్పినవా?”

“లేదు.”

“గట్ల చెయ్యకుండా ఉండాల్సింది” అన్నాడు. కోపంగా అనలేదు. టీ పెట్టి నా ముందు కప్పు పెట్టాడు. అది తాగలేకపోయాను.

బడి ముగిసే వారంలో అసలు సంగతి తెలిసింది. సారు మతికి ఏమీ కాలేదు. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. పోయింది వినికిడి. రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దాలు, ముఖ్యంగా పిల్లల గొంతులు, మాటల చివర్లు సరిగ్గా పడటం లేదు. లాటిన్‌లో అర్థమంతా మాట చివరే ఉంటుంది. ఆ అమ్మాయి చేత మూడుసార్లు చదివించింది మరిచిపోయి కాదు, ఆ చివరి అక్షరం పట్టుకోవాలని. రెండేళ్ళుగా ఆయన పిల్లల పెదాలు చూసి, సగం ఊహించుకుని పాఠం చెబుతున్నారు. చెవి మిషన్లు పెట్టించుకుంటే మళ్ళీ పని చెయ్యొచ్చని డాక్టర్ రాశాడట. సారు పెట్టించుకున్నారు. కానీ ఇంకో ఏడాది ఉన్న ఉద్యోగాన్ని ఆ జూలైలోనే వదిలేశారు. ఆయన చోటుకు గ్రీకు చెప్పేవాళ్ళు దొరకలేదు. ఆ బడిలో గ్రీకు ఆయనతోనే ఆగిపోయింది. చదువుతున్న ఐదుగురు పిల్లలు వేరే సబ్జెక్టులకు మారారు.

ఆగస్టులో ఫోన్ చేసి ఆయనింటికి వెళ్ళాను. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశారు. చెవుల వెనక బూడిదరంగు మిషన్లు కనిపిస్తున్నాయి. “గట్టిగా వద్దు, మెల్లగా మాట్లాడు చాలు” అన్నారు.

దారంతా కూడబెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. “మీ గురించి చెప్పింది నేనే” అన్నాను.

“తెలుసు.” ఆయన చక్కెర డబ్బా నా వైపు జరిపారు. “ప్రిన్సిపాల్ రాకముందు, ఆ ఏడాది నా క్లాసులో వెనక కూర్చున్నది నువ్వొక్కదానివే.”

“మతిమరుపు అనుకున్నాను.”

“అనుకోవచ్చు. నేను అలా కనపడేలాగే ఉన్నాను. చెవులు పోయాయని ఒప్పుకోవడం కంటే, పరధ్యానం మనిషి అనిపించుకోవడం తేలికగా ఉండేది నాకు.” తన కప్పు పక్కకు జరిపి, “కానీ నిన్ను నేను రెండుసార్లు అడిగాను” అన్నారు.

నేను చక్కెర డబ్బా మూత పెట్టాను.

“నిన్ను జతగా ఎంచుకున్నది ఎందుకనుకున్నావు? మిగతావాళ్ళు నాకు ఇరవై ఏళ్ళ స్నేహితులు, చూసినా చెప్పరు. నువ్వు కొత్తగా చూస్తావు, చూసింది చెబుతావు అనుకున్నాను. చెబితే ఆ రోజు నీ మీద కోపం వచ్చేదేమో. మర్నాడు చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి.”

“క్షమించండి” అన్నాను.

“పరవాలేదు అనాలని ఉంది” అన్నారాయన. “అనలేను. ప్రిన్సిపాల్ నన్ను కూర్చోబెట్టి, ఈ రోజు ఏ వారమో చెప్పమని అడిగాడు. ఆ గది నుంచి ఇంకా బయటికి రాలేదు నేను.”

కాఫీ చల్లారింది. బృందంలో అందరి ముందూ జరిగింది చెప్పనా అని అడిగాను. “అది నన్ను అడగాల్సిన విషయం కాదు” అన్నారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. మళ్ళీ రమ్మని అనలేదు.

సెప్టెంబరు గురువారం బృందంలో లేచి నిలబడి చెప్పాను. ఏం చూశానో కాదు, ఏం చేశానో చెప్పాను. షరతు తప్పానని, ఆయన అడిగినప్పుడు అబద్ధం చెప్పానని, ఆయన నా తప్పును ఎలా దాచారో కూడా చెప్పాను. శిబిరం నడపనన్నాను. టీచరమ్మ కాగితాల్లోకి చూస్తూ ఉండిపోయింది. నువ్వు మంచికే చేశావు అని ఒకరిద్దరు అన్నారు. ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ నొప్పించింది. సారుతో చాలా ఏళ్ళ స్నేహమున్న ఒకాయన మాత్రం కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాది జతలు కట్టేటప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. అందులో అన్యాయం ఏమీ కనపడలేదు నాకు.

తర్వాత పద్ధతి కొంచెం మార్చారు. క్లాసు చూశాక ఇద్దరూ అరగంట అక్కడే కూర్చోవాలి. చూసింది ఆ మనిషికే, ఆ గదిలోనే చెప్పి లేవాలి. పోయినేడు ట్రైనింగు ముగించి కొత్తగా చేరిన ఒకమ్మాయి నాతో జత కట్టింది. తన క్లాసులో తను ఒక వైపు పిల్లల్నే అడుగుతోందని, రెండో వైపు పిల్లలు గంటంతా నోరు తెరవలేదని చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళిపోవాలనిపించినా కూర్చున్నాను. అరగంట కాదు, గంట పట్టింది.

సారు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకు గ్రీకు చెబుతున్నారు. వారానికొక సాయంత్రం, ఏడెనిమిది మంది వస్తారట. నా గ్రీకు ఎప్పుడూ బలహీనమే. మొన్న శరదృతువులో ఆ క్లాసులో చేరుదామని ఫారం నింపాను. పేరు, అడ్రసు రాసి, చేరడానికి కారణం అన్న చోట ఆగిపోయాను. అక్కడ నేను వెళ్ళి కూర్చుంటే తేలికపడేది నా మనసు. ప్రతి వారం నా మొహం చూస్తూ పాఠం చెప్పాల్సింది ఆయన.

మా ఆయన వచ్చి, “ఏం ఫారం అది?” అని అడిగాడు.

“గ్రీకు క్లాసుది. పోతలేను” అని చెప్పి, దాన్ని చించి పాత కాగితాల బుట్టలో వేశాను.